పాపవిమోచన, కృప (క్రైస్తవం)

క్రైస్తవ విశ్వాసంలో పాపం అంటే మనిషి దేవుడికి దూరం కావడం, ఆ దూరం వల్ల తలపులో, మాటలో, చేతలో పుట్టే తప్పు. ఆ దూరాన్ని తొలగించడానికి దేవుడే ముందుగా మనిషి దగ్గరికి రావడం కృప. అర్హత చూడకుండా ఇచ్చే క్షమ, మళ్లీ మంచిగా బతకడానికి ఇచ్చే బలం రెండూ అందులో ఉన్నాయి. తెలుగు కతోలికులు దీన్ని వరప్రసాదం అని కూడా అంటారు. కతోలిక, ఆర్థడాక్స్, ప్రొటెస్టెంట్ సంఘాలు అనేక విషయాల్లో విడిపోయినా ఒక మాట మీద కలిసే ఉన్నాయి: మనిషి ముందు పాపాన్ని జయించి ఆ తర్వాత కృపను బహుమతిగా అందుకోడు. కృపే ముందు వస్తుంది, దాని బలంతోనే మనిషి పాపాన్ని ఎదిరిస్తాడు.

ఈ వరుసను తలకిందులు చేసినప్పుడల్లా క్రైస్తవ జీవితం రెండు రకాలుగా దెబ్బతిన్నది. తన బలాన్నే నమ్ముకున్నవాడు గర్వంలోనో నిరాశలోనో పడ్డాడు. క్షమను చౌకగా తీసుకున్నవాడు తన తప్పులోనే నిశ్చింతగా ఉండిపోయాడు. రెండు వేల ఏళ్లుగా సాగిన సిద్ధాంత చర్చ, భక్తి సాధన చాలావరకు ఈ రెండు ప్రమాదాల నుంచి విశ్వాసిని కాపాడే ప్రయత్నాలే.

పాత నిబంధన నేపథ్యం

ఆదికాండం మూడో అధ్యాయంలో ఆదాము, హవ్వ దేవుడి ఆజ్ఞ మీరిన వెంటనే చెట్ల చాటున దాక్కుంటారు. అడిగితే ఒకరు మరొకరి మీద నేరం మోపుతారు. దాక్కోవడం, నెపం వేరొకరి మీదికి నెట్టడం పాపానికి మొదటి ఫలితాలుగా అక్కడ కనిపిస్తాయి. వెతుక్కుంటూ వచ్చి పిలిచింది మాత్రం దేవుడే. నాలుగో అధ్యాయంలో కయీనుకు తమ్ముడి మీద కోపం రగిలినప్పుడు, వాకిట పొంచి ఉన్న పాపాన్ని అదుపులో పెట్టుకోవాలని దేవుడు హెచ్చరిస్తాడు. పాపంతో పోరాటం అనే భావన బైబిల్లో మొదటిసారి స్పష్టంగా వినిపించేది అక్కడే.

లేవీయకాండం 16వ అధ్యాయం ఏడాదికొకసారి జరిగే ప్రాయశ్చిత్త దినాన్ని వర్ణిస్తుంది. ప్రధాన యాజకుడు రెండు మేకల్లో ఒకదాన్ని బలి ఇస్తాడు, రెండో దాని తల మీద చేతులుంచి జనం పాపాలన్నీ ఒప్పుకుని దాన్ని అరణ్యంలోకి పంపేస్తాడు. ఈ క్రతువునే పూర్వఛాయగా తీసుకుని, కొత్త నిబంధనలోని హెబ్రీ పత్రిక క్రీస్తు మరణాన్ని వివరించింది.

వ్యక్తిగత పశ్చాత్తాపానికి పెద్ద ఉదాహరణ దావీదు రాజు. బత్షెబ విషయంలో తప్పు చేసి, ఆమె భర్త ఊరియాను యుద్ధంలో చనిపోయేలా చేసిన రాజు ముందు నాతాను ప్రవక్త ఒక పేదవాడి గొర్రెపిల్ల కథ చెప్పాడు. కథలోని ధనవంతుడి మీద మండిపడిన రాజు, ఆ మనిషి తానేనని తెలుసుకుని కూలిపోయాడు. 51వ కీర్తన శీర్షిక ఆ సందర్భాన్నే పేర్కొంటుంది. నాటి నుంచి యూదుల, క్రైస్తవుల పశ్చాత్తాప ప్రార్థనలకు ఆ కీర్తన ఆధారమైంది. యిర్మీయా 31, యెహెజ్కేలు 36 అధ్యాయాలు మరో అడుగు ముందుకు వేస్తాయి. ఆజ్ఞ రాతి పలక మీద ఉన్నంతకాలం మనిషి దాన్ని మీరుతూనే ఉంటాడు కాబట్టి, దేవుడే కొత్త హృదయం ఇచ్చి తన ధర్మాన్ని లోపల రాస్తాడని ఆ ప్రవక్తలు చెప్పారు.

సువార్తలు, పౌలు బోధ

యేసు బోధ మారుమనస్సు పొందమన్న పిలుపుతో మొదలవుతుంది. లూకా సువార్త ఈ విషయంలో చాలా సంపన్నమైనది. 15వ అధ్యాయంలో తప్పిపోయిన కుమారుడు తాను సిద్ధం చేసుకున్న క్షమాపణ మాటలు పూర్తి చేయకముందే తండ్రి పరుగెత్తి వెళ్లి మెడ మీద పడి ముద్దుపెట్టుకుంటాడు. ఇంటిపట్టునే ఉండి సేవ చేసిన పెద్ద కొడుకు ఆ సంతోషంలో పాలుపంచుకోలేకపోతాడు. 18వ అధ్యాయంలో దేవాలయానికి వెళ్లిన ఇద్దరిలో తన ఉపవాసాలు, దశమభాగాలు లెక్క చెప్పిన పరిసయ్యుడి కంటే, తలెత్తలేక రొమ్ము కొట్టుకున్న సుంకరి నీతిమంతుడిగా ఇంటికి వెళ్లాడని యేసు అన్నాడు. 19వ అధ్యాయంలోని సుంకరి జక్కయ్య వృత్తాంతంలో సంఘటనల వరుస గమనించాలి. జనం సణుగుతున్నా యేసు ముందు అతని ఇంటికి అతిథిగా వెళ్లాడు. ఆ తర్వాతే జక్కయ్య తన ఆస్తిలో సగం పేదలకు ఇస్తానని, అన్యాయంగా తీసుకున్నది నాలుగింతలు తిరిగి చెల్లిస్తానని ప్రకటించాడు. ఆదరణ ముందు వచ్చింది, నష్టపరిహారం దాని వెంట నడిచింది.

కృప గురించి అత్యంత విస్తారంగా రాసినవాడు అపొస్తలుడైన పౌలు. రోమా పత్రికలో పాపాన్ని అతడు విడివిడి తప్పుల జాబితాగా మాత్రమే చూడలేదు, మనిషిని బానిసను చేసుకుని ఏలే యజమానిగా చూశాడు. అందువల్ల విడుదల కూడా యజమాని మారడంతోనే జరుగుతుంది. బాప్తిస్మంలో విశ్వాసి క్రీస్తుతో పాటు చనిపోయి, ఆయనతో పాటు కొత్త జీవితానికి లేస్తాడని ఆరో అధ్యాయం చెబుతుంది. కృప ఎక్కువ కావడానికి పాపం చేస్తూ పోవచ్చా అన్న ప్రశ్నను అక్కడే లేవనెత్తి గట్టిగా తోసిపుచ్చాడు. ఏడో అధ్యాయంలో మేలు కోరుకుంటూనే కీడు చేసే మనసు వేదన ఉంది, ఎనిమిదిలో పరిశుద్ధాత్మ ఇచ్చే స్వేచ్ఛ ఉంది. గలతీ పత్రిక ఐదో అధ్యాయం ప్రేమతో మొదలై ఆశానిగ్రహంతో ముగిసే తొమ్మిది గుణాలను ఆత్మఫలంగా పేర్కొంటుంది. తన శరీరంలోని ముల్లు తీసేయమని పౌలు మూడుసార్లు వేడుకున్నా అది తొలగలేదు, దాన్ని భరించడానికి చాలినంత కృప ఉందన్న జవాబే వచ్చింది. కృప పొందిన జీవితంలో బలహీనత మిగిలి ఉండవచ్చన్న అవగాహనకు ఆ వృత్తాంతమే మూలం.

క్రియలు లేని విశ్వాసం నిర్జీవమని యాకోబు పత్రిక హెచ్చరిస్తుంది. పాపమే లేదనుకోవడం ఆత్మవంచన అనీ, ఒప్పుకున్నవాడికి క్షమ నిశ్చయమనీ యోహాను మొదటి పత్రిక భరోసా ఇస్తుంది. తర్వాతి సంప్రదాయాలన్నీ ఈ గొంతులను కలిపి వినడానికి ప్రయత్నించినవే.

తొలి సంఘం, ఎడారి సన్యాసులు

బాప్తిస్మంతో పాత పాపాలు కడిగివేయబడ్డాయని నమ్మిన తొలి సంఘానికి ఆ తర్వాత చేసే పాపాల సంగతి పెద్ద చిక్కు ప్రశ్న అయింది. క్రీ.శ. 250లో రోమన్ చక్రవర్తి డెసియస్ ప్రజలందరూ దేవతలకు బలులు అర్పించాలని ఆజ్ఞాపించినప్పుడు ఎంతోమంది క్రైస్తవులు ప్రాణభయంతో లొంగిపోయారు. ఉపద్రవం సద్దుమణిగాక వాళ్లు తిరిగి వచ్చి చేర్చుకోమని అడిగారు. రోములో నొవేషియన్ వర్గం వీల్లేదని పట్టుబట్టింది. కార్తేజి బిషప్ సిప్రియన్ పశ్చాత్తాప కాలం గడిపినవారిని చేర్చుకోవచ్చని నిర్ణయించాడు. తలుపు మూయకూడదు, తిరిగి రావడాన్ని తేలిక చేయకూడదు అన్న ఈ మధ్యేమార్గమే సంఘంలో నిలిచింది.

నాలుగో శతాబ్దంలో ఈజిప్టు ఎడారులకు వెళ్లిన సన్యాసులు పాపం మనసులో ఎలా మొలకెత్తుతుందో నిశితంగా పరిశీలించారు. వారిలో 399లో మరణించిన ఎవాగ్రియస్ తిండి యావ, కామం, ధనాశ, విషాదం, కోపం, సాధన మీద విసుగు, పేరు మీద మోజు, గర్వం అని ఎనిమిది దుష్ట తలంపులను లెక్కించాడు. తలంపు రావడం మన చేతుల్లో లేదనీ, దాన్ని లోపల కూర్చోబెట్టుకోవడమో సాగనంపడమో మన చేతుల్లో ఉందనీ అతడి బోధ. ఒక్కో తలంపుకు ఎదురు చెప్పడానికి తగిన లేఖన వాక్యాలను వందల సంఖ్యలో కూర్చి ఒక గ్రంథమే రాశాడు. ఆ సన్యాసుల దగ్గర నేర్చుకున్న కాసియన్ ఈ బోధను నేటి ఫ్రాన్స్‌లోని మార్సెయిల్ ప్రాంతానికి తీసుకెళ్లాడు. ఆరో శతాబ్దం చివర పోప్ మొదటి గ్రెగరీ ఈ జాబితాను సవరించాడు. పశ్చిమ దేశాల్లో ప్రసిద్ధమైన ఏడు ప్రధాన పాపాల జాబితా దాని నుంచే వచ్చింది.

అగస్టీన్, పెలాగియస్ వివాదం

ఉత్తర ఆఫ్రికాలోని తగస్తేలో 354లో పుట్టిన అగస్టీన్ చదువుకున్నవాడు, పేరున్న అధ్యాపకుడు. మంచిదేదో తెలిసినా దాన్ని ఎంచుకోలేని అశక్తతను అతడు ఏళ్ల తరబడి అనుభవించాడు. 386లో మిలాన్‌లోని ఒక తోటలో పౌలు పత్రిక చదువుతుండగా ఆ కట్లు తెగాయి. 387 ఈస్టరు నాడు బిషప్ ఆంబ్రోస్ చేతుల మీదుగా బాప్తిస్మం పొందాడు. సుమారు పదేళ్ల తర్వాత రాసిన 'కన్ఫెషన్స్' గ్రంథంలో తన గతాన్ని దేవుడితో మాట్లాడుతున్నట్టు విప్పి చెప్పాడు. తాను దేవుణ్ణి వెతకకముందే దేవుడు తనను వెతికాడన్నది ఆ గ్రంథం సారాంశం.

అదే కాలంలో బ్రిటన్ నుంచి రోముకు వచ్చిన సన్యాసి పెలాగియస్ అక్కడి క్రైస్తవుల బద్ధకం చూసి కలత చెందాడు. దేవుడు ఆజ్ఞ ఇచ్చాడంటే దాన్ని పాటించే శక్తి మనిషి స్వభావంలో ఉన్నట్టేనని బోధించాడు. అతడి ఉద్దేశం నైతిక దృఢత్వం పెంచడమే అయినా, దాని భారం ఓడిపోయిన మనిషి నెత్తిన పడుతుందని అగస్టీన్ గుర్తించాడు. ఆదాము పతనంతో మనిషి ఇష్టమే జబ్బుపడిందనీ, దాన్ని నయం చేసేది కృప ఒక్కటేననీ వాదించాడు. 418లో కార్తేజి మహాసభ, 431లో ఎఫెసు మహాసభ పెలాగియస్ పక్షాన్ని ఖండించాయి. మొదటి అడుగు మనిషిది, తర్వాతి సాయం దేవుడిది అన్న రాజీ వాదాన్ని 529లో ఆరెంజ్ సభ తిరస్కరించింది. విశ్వాసం మొదలయ్యేది కూడా కృపతోనేనని ఆ సభ తీర్మానించింది. అయితే కొందరిని దేవుడు చెడు కోసమే నియమించాడన్న భావనను అదే సభ ఖండించింది.

తూర్పు సంప్రదాయం

గ్రీకు, సిరియా, రష్యా ఆర్థడాక్స్ సంఘాలు పాపాన్ని నేరంగా కంటే రోగంగా, కృపను తీర్పుగా కంటే వైద్యంగా చూస్తాయి. మనిషి దేవుడి జీవంలో పాలుపంచుకుని దైవత్వ సాదృశ్యం పొందడమే వాళ్ల దృష్టిలో రక్షణ. నాలుగో శతాబ్దపు అథనేసియస్ ఈ ఆలోచనకు పునాది వేశాడు. అగ్నిలో ఉంచిన ఇనుము ఇనుముగానే ఉంటూ నిప్పులా వెలిగినట్టు, మనిషి మనిషిగానే ఉంటూ దేవుడి కాంతితో నిండుతాడని ఆ సంప్రదాయం చెబుతుంది. యేసు నామాన్ని శ్వాసతో కలిపి కరుణ కోసం ఎడతెగక వేడుకునే చిన్న ప్రార్థన దీనికి ప్రధాన సాధన. 14వ శతాబ్దంలో గ్రెగరీ పలమాస్ ఈ సాధనను సమర్థించగా, కాన్‌స్టాంటినోపుల్ సభలు 1341లో, 1351లో అతడి బోధను ఆమోదించాయి. మనిషి ఇష్టం, దేవుడి కృప కలిసి పనిచేస్తాయన్నది తూర్పు సంఘాల నిశ్చితాభిప్రాయం.

మధ్యయుగం, పాపసంకీర్తనం

తొలి శతాబ్దాల్లో పెద్ద పాపాలకు బహిరంగ పశ్చాత్తాపం ఉండేది. ఐర్లండ్ సన్యాసులు రహస్యంగా గురువు దగ్గర పాపాలు చెప్పుకుని, తగిన ప్రాయశ్చిత్తం స్వీకరించే పద్ధతిని యూరపులో వ్యాప్తి చేశారు. 1215లో నాలుగో లాటరన్ మహాసభ విశ్వాసులంతా ఏడాదికి ఒక్కసారైనా పాపసంకీర్తనం చేయాలని నియమం పెట్టింది. విషయం ఘోరమైనదై ఉండడం, అది ఘోరమని పూర్తిగా తెలిసి ఉండడం, అయినా కావాలని చేయడం అనే మూడు షరతులు కలిస్తేనే అది మరణకర పాపమని కతోలిక బోధ. మిగిలినవి స్వల్ప పాపాలు.

13వ శతాబ్దపు థామస్ అక్వినాస్ కృప మనిషి స్వభావాన్ని చెరిపివేయదనీ, దాన్ని పరిపూర్ణం చేస్తుందనీ బోధించాడు. దేవుడు ఆత్మలో నింపే ఈ కృప స్థిరమైన గుణంగా నాటుకుని, విశ్వాసం, నిరీక్షణ, ప్రేమలను పెంచుతుంది. మంచి పనుల్లో విశ్వాసికి పుణ్యం దక్కినా దాని వేరు కృపేనని అతడి వాదం. కాలక్రమంలో పాప శిక్షను తగ్గించే పరిహార పత్రాలు డబ్బుకు ముడిపడటంతో ఈ బోధ ప్రజల కళ్లకు మసకబారింది.

సంస్కరణోద్యమం, ట్రెంట్ మహాసభ

1505లో ఎర్‌ఫర్ట్ మఠంలో చేరిన మార్టిన్ లూథర్ ఉపవాసాలు, జాగరణలు, గంటల కొద్దీ పాపసంకీర్తనలు చేసినా మనసుకు నెమ్మది దొరకలేదు. రోమా పత్రిక చదువుతూ, దేవుడి నీతి అంటే శిక్షించే నీతి మాత్రమే కాదనీ, విశ్వసించినవాడికి దేవుడు ఉచితంగా ఇచ్చే నీతి అనీ గ్రహించాడు. 1517 అక్టోబరు 31న వెలువరించిన 95 ప్రతిపాదనల్లో మొదటిది విశ్వాసి జీవితమంతా పశ్చాత్తాపంగా సాగాలని చెబుతుంది. క్రైస్తవుడు క్రీస్తును బట్టి నీతిమంతుడు, తనను బట్టి ఇంకా పాపి, ఈ రెండూ ఒకేసారి నిజమని లూథర్ బోధ. తనలోని పాపాన్ని చూసి బెదిరిపోయేవారికి ఇది గొప్ప ఊరట అయింది.

జెనీవాలో జాన్ కాల్విన్, క్రీస్తుతో ఐక్యమైనవాడు రెండు వరాలను విడదీయలేని విధంగా పొందుతాడని రాశాడు. మొదటిది నీతిమంతుడిగా తీర్చబడడం, రెండోది పరిశుద్ధపరచబడడం. ఒకటి ఉండి రెండోది లేకపోవడం అసాధ్యమన్నాడు. కృపను మనిషి కాదనగలడా అన్న విషయంలో డచ్ వేదాంతి ఆర్మీనియస్ అనుచరులు కాల్విన్ పక్షంతో విభేదించారు. 1618–19 డార్ట్ సభ వారి వాదాన్ని తోసిపుచ్చినా ఆ చర్చ నేటికీ సజీవంగా ఉంది.

కతోలిక సంఘం 1545 నుంచి 1563 వరకు జరిగిన ట్రెంట్ మహాసభలో తన సమాధానం ఇచ్చింది. 1547 జనవరిలో ఆమోదించిన తీర్మానం, కృప లేకుండా మనిషి తన పనులతో నీతిమంతుడు కాలేడని ఒప్పుకుంది. కానీ కృపతో మేల్కొన్న ఇష్టం దేవుడితో సహకరిస్తుందనీ, నీతి అన్నది లెక్కలో చూపేది మాత్రమే కాక లోపల నిజంగా కలిగే మార్పు అనీ నొక్కి చెప్పింది. రెండు పక్షాల మధ్య దూరం అప్పట్లో అనుకున్నంత పెద్దది కాదని తర్వాతి పండితులు ఎందరో గుర్తించారు.

వెస్లీ, న్యూటన్

18వ శతాబ్దపు ఇంగ్లండ్‌లో జాన్ వెస్లీ ఈ రెండు ధోరణులను దగ్గరికి తెచ్చాడు. 1738 మే 24న లండన్‌లోని ఆల్డర్స్‌గేట్ వీధి కూడికలో, రోమా పత్రికకు లూథర్ రాసిన ముందుమాట చదువుతుండగా తన హృదయం వెచ్చబడిందని అతడు దినచర్యలో రాసుకున్నాడు. అడగకముందే అందరిలో పనిచేసే కృప, నీతిమంతుడిగా తీర్చే కృప, పరిశుద్ధపరిచే కృప అని అతడు దశలు వివరించాడు. ప్రేమలో పరిపూర్ణత ఈ జీవితంలోనే సాధ్యమని కూడా బోధించాడు. బోధతో సరిపెట్టలేదు. 1742లో బ్రిస్టల్‌లో మొదలైన చిన్న తరగతి కూటాల్లో సుమారు పన్నెండు మంది వారానికోసారి కలిసి తమ ఆత్మ స్థితి గురించి ఒకరికొకరు జవాబుదారీగా మాట్లాడుకునేవారు. గనుల్లో, మిల్లుల్లో పనిచేసే వేలమంది తాగుడు, జూదం వంటివాటి నుంచి బయటపడటానికి ఆ చిన్న బృందాల ఆసరా తోడ్పడింది.

కృప నెమ్మదిగా పనిచేస్తుందని చెప్పడానికి జాన్ న్యూటన్ జీవితమే సాక్ష్యం. 1748 మార్చిలో సముద్ర తుఫానులో మొరపెట్టుకున్న ఈ నావికుడు తన మారుమనస్సుకు ఆ రోజునే మొదలుగా లెక్కించుకున్నాడు. అయినా 1754 దాకా బానిసలను మోసే ఓడలు నడిపాడు. 1764లో సంఘ సేవకుడయ్యాడు. అతడి 'అమేజింగ్ గ్రేస్' కీర్తన 1779లో అచ్చయింది. బానిస వ్యాపారాన్ని ఖండిస్తూ, అందులో తన పాత్రను ఒప్పుకుంటూ కరపత్రం రాసింది 1788లో. ఆ వ్యాపారాన్ని నిషేధిస్తూ 1807లో బ్రిటిష్ పార్లమెంటు చేసిన చట్టాన్ని చూసి అదే ఏడాది చివర కన్నుమూశాడు. క్షమ పొందిన మనిషికి తన పాపం పూర్తి రూపం కనిపించడానికి నలభై ఏళ్లు పట్టింది. ఆ ఆలస్యానికి మూల్యం చెల్లించింది మాత్రం ఓడల అడుగున సంకెళ్లలో ఉన్నవారు. కృపను కొలిచేటప్పుడు ఆ సంగతి మరవడానికి వీల్లేదు.

ఇరవయ్యో శతాబ్దం, ఆ తర్వాత

జర్మన్ లూథరన్ కాపరి డీట్రిక్ బాన్‌హోఫర్ 1937లో ప్రచురించిన గ్రంథంలో చౌక కృపను తీవ్రంగా విమర్శించాడు. పశ్చాత్తాపం, శిష్యరికం, శిలువ లేని క్షమ సంఘానికి ప్రాణాంతక శత్రువని హెచ్చరించాడు. నాజీ పాలనను ఎదిరించినందుకు 1945 ఏప్రిల్ 9న అతడిని ఉరితీశారు.

శతాబ్దం చివర ఒక చారిత్రక అడుగు పడింది. 1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గ్‌లో కతోలిక సంఘం, ప్రపంచ లూథరన్ సమాఖ్య నీతిమంతులుగా తీర్చబడడంపై ఉమ్మడి ప్రకటన మీద సంతకం చేశాయి. మన యోగ్యత వల్ల కాక కృప వల్ల మాత్రమే దేవుడు మనల్ని అంగీకరిస్తాడనీ, ఆ కృపే మంచి పనులకు సమర్థులను చేస్తుందనీ రెండు సంఘాలు కలిసి చెప్పాయి. మెథడిస్టులు 2006లో, రిఫార్మ్డ్ సంఘాలు 2017లో ఇందులో చేరాయి.

పాపంతో పోరాట సాధనలు

సిద్ధాంతాలు వేరైనా విశ్వాసులు ఆచరించే మార్గాలు చాలావరకు ఒకటే. మొదటిది ఆత్మపరీక్ష, ఒప్పుకోలు. కతోలికులు, ఆర్థడాక్సులు గురువు సమక్షంలో, లూథరన్, ఆంగ్లికన్ సంఘాలు ఎక్కువగా ఆరాధన క్రమంలో అందరూ కలిసి, బాప్టిస్టులు, బ్రదరన్, పెంతెకొస్తు విశ్వాసులు నేరుగా దేవుడి దగ్గర ఒప్పుకుంటారు. తప్పుకు పేరు పెట్టి చెప్పడంలో ఒక విడుదల ఉంది, ఎందుకంటే పాపం బలమంతా దాచడంలోనే ఉంటుంది.

రెండోది నష్టాన్ని సరిదిద్దడం. దొంగిలించినది తిరిగి ఇవ్వడం, చెడగొట్టిన పేరును నిలబెట్టడం, గాయపడినవారి ముందు తలవంచడం క్షమకు ఖరీదు కావు, నిజమైన పశ్చాత్తాపానికి గుర్తులు. మూడోది ప్రార్థన, లేఖన పఠనం, ఉపవాసం. శోధన వచ్చే సందర్భాలను ముందే గుర్తించి తప్పుకోవడమూ ఇందులో భాగమే. నాలుగోది బాప్తిస్మం, ప్రభు సంస్కారం. వాటిని కొన్ని సంఘాలు కృపను అందించే సాధనాలుగా, కొన్ని కృపకు సాక్ష్య చిహ్నాలుగా చూస్తాయి. ఐదోది తోటి విశ్వాసుల తోడు. ఒంటరిగా పోరాడేవాడు త్వరగా అలసిపోతాడు.

మళ్లీ మళ్లీ అదే తప్పులో పడేవారి విషయంలో సంప్రదాయం చూపిన ఓర్పు గొప్పది. ఎడారి సన్యాసుల నుంచి నేటి కాపరుల వరకు అనుభవజ్ఞులు చెప్పేది ఒకటే: పడటం కంటే పడ్డచోట నిరాశతో ఉండిపోవడం ప్రమాదకరం. తాగుడు వంటి వ్యసనాలు, మానసిక వ్యాధులు ఉన్నచోట ప్రార్థనతో పాటు వైద్యుడి చికిత్స తీసుకోవడం కృపకు విరుద్ధం కాదు. వైద్యం కూడా దేవుడు ఇచ్చిన వరమేనని క్రైస్తవ ఆసుపత్రుల చరిత్ర చాటుతోంది.

తెలుగు నేలపై

లూథరన్ మిషనరీ జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్ 1842లో గుంటూరుకు వచ్చాడు. ఒంగోలు కేంద్రంగా అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ, మాదిగ గురువు ఎర్రగుంట్ల పేరయ్య వంటి స్థానిక బోధకుల కృషి 1866 తర్వాత విస్తరించింది. 1876–78 కరువులో బకింగ్‌హామ్ కాలువ పనుల ద్వారా వేలమందికి కూలి దొరికేలా చేసిన క్లౌ, తిండి కోసం మతం మారారన్న మాట రాకూడదని ఆ కాలంలో బాప్తిస్మాలు ఆపేశాడు. ఆ తర్వాత 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది ఒంగోలు ప్రాంతంలోని గుండ్లకమ్మ నదిలో బాప్తిస్మం పొందారు. వారిలో అత్యధికులు అంటరానివారిగా చూడబడినవారు. పుట్టుకతో వచ్చే మైల లేదనీ, దేవుడి ముందు అందరూ సమానంగా పాపులనీ, అందరికీ ఒకే కృప అనీ విన్న బోధ వారికి ఆత్మగౌరవపు బోధ కూడా అయింది. ఊరి బావి దగ్గర నిలువనివ్వని మనిషి ఒకే పాత్రలోంచి ప్రభు సంస్కారం తీసుకోవడం కృప సిద్ధాంతానికి కంటికి కనిపించే రూపం.

1912లో దోర్నకల్ బిషప్‌గా అభిషేకం పొందిన వేదనాయగం అజరయ్య ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్. పల్లె సంఘాల్లో బాప్తిస్మం తర్వాతి జీవితం మీద, ముఖ్యంగా తాగుడు, అప్పుల నుంచి బయటపడటం మీద ఆయన శ్రద్ధ పెట్టాడు. లూథరన్ నేపథ్యం నుంచి వచ్చిన ముంగమూరి దేవదాసు 1938లో బైబిలు మిషను స్థాపించి, దైవసన్నిధిలో మౌనంగా కనిపెట్టడాన్ని ముఖ్య సాధనగా నేర్పాడు. పంజాబీ సిక్కు కుటుంబంలో పుట్టిన భక్త సింగ్ హైదరాబాదులోని హెబ్రోను కేంద్రంగా పరిశుద్ధ సమావేశాలు నడిపాడు. పాపపు ఒప్పుకోలు, రక్షణ నిశ్చయత ఆయన బోధలో ప్రధానం. 19వ శతాబ్దపు కవి పురుషోత్తమ చౌదరి కీర్తనలు ఆంధ్ర క్రైస్తవ కీర్తనల ద్వారా ఇంటింటికీ చేరాయి. చదువురాని విశ్వాసి కూడా క్షమ గురించిన బోధను పాటగా నోటికి పట్టుకున్నాడు.

నేడు తెలుగు సంఘాల్లో తపస్కాల కూడికలు, ఉపవాస ప్రార్థనలు, డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో ఏడాది తప్పుల ఒప్పుకోలు, కూడికల్లో చెప్పే సాక్ష్యాలు ఈ బోధను సజీవంగా ఉంచుతున్నాయి.

చర్చనీయాంశాలు

సాక్ష్యాల సంప్రదాయంలో పాత జీవితపు చీకటి ఎంత గాఢంగా ఉంటే అంత గొప్ప రక్షణ అన్న భావన ఏర్పడితే, సాధారణ విశ్వాసి నిత్య పోరాటం చిన్నదిగా కనిపిస్తుంది. కష్టాలను, రోగాలను పాపానికి శిక్షగా చూపి కానుకలతో విడుదల దొరుకుతుందని చెప్పే బోధ, లూథర్ ఎదిరించిన పరిహార పత్రాల వ్యాపారాన్నే మరో రూపంలో తిరిగి తెస్తోంది. క్షమించమన్న మాటను ఆయుధంగా చేసుకుని, హింసకు గురైన స్త్రీలను, పిల్లలను మౌనంగా ఉండమనడం ఇంకా పెద్ద తప్పు. నేరస్థుడికి దేవుడి క్షమ ఉన్నా చట్టం ముందు, బాధితుల ముందు అతడి బాధ్యత తొలగదు. కులవివక్ష, దోపిడీ వంటి సామూహిక పాపాలకు వ్యక్తిగత ఒప్పుకోలు సరిపోదని, వ్యవస్థే మారాలని 20వ శతాబ్దపు వేదాంతులు, ముఖ్యంగా దళిత వేదాంతులు గుర్తుచేశారు. ఒకే బల్ల దగ్గర రొట్టె విరిచి, పెళ్లి సంబంధాల దగ్గర కులం చూసే సంఘం ఇంకా పశ్చాత్తాపపడవలసినదే.

ఈ సిద్ధాంతం విలువ చివరికి జీవితంలోనే తేలుతుంది. ప్రేమతో ముందుగా దగ్గరికి తీసుకున్న దేవుణ్ణి నమ్మినవాడికి తన తప్పును దాచే అవసరం తగ్గుతుంది. దాచడం మానేసినవాడు సరిదిద్దుకోగలడు. సరిదిద్దుకుంటున్నవాడు ఇతరుల పట్ల కఠినంగా ఉండలేడు. జక్కయ్య నుంచి న్యూటన్ వరకు, గుండ్లకమ్మ ఒడ్డున నిలబడిన పేరు తెలియని విశ్వాసుల వరకు కృప పనిచేసిన చోటల్లా ఈ మూడు గుర్తులు కలిసే కనిపిస్తాయి. ఏ సంఘమైనా, ఏ విశ్వాసి అయినా తనను తాను పరీక్షించుకోవడానికి ఇంతకంటే నమ్మకమైన కొలమానం లేదు.